మిగిలింది కాదు, వండింది

నాలుగేళ్ళ కిందటి వరకూ మా ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక గిన్నెల అడుగున మిగిలేది రెండు చోట్లకి వెళ్ళేది. సగం నా కంచంలోకి, సగం పెరట్లో కుక్క చిప్పలోకి. "పారెయ్యడమెందుకు?" అన్న మాట మా ఇద్దరి విషయంలోనూ ఒకటే. పెళ్ళయి పదిహేడేళ్ళవుతోంది. డిగ్రీ చదివాను, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకుంటాను. అయినా ఇందులో వింత ఏముందో నాకెప్పుడూ తోచలేదు. ఆ తోచేలా చేసింది ఒక కుక్కపిల్ల.

ఆ ఏడు వానాకాలంలో మా అబ్బాయి స్కూలు నుంచి వస్తూ ఆలూరు బస్టాండు పక్కన దొరికిందని చొక్కాలో దాచుకుని తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. తడిసి వణుకుతోంది. మా అత్తగారు మెడలో లింగం కట్టుకున్న మనిషి. పూజ కానిదే మంచినీళ్ళు ముట్టరు. ఆవిడ ఏమంటారోనని నేనూ, మా అబ్బాయీ గుమ్మంలోనే నిలబడిపోయాం. ఆవిడ కాసేపు చూసి, "ఉండనీలే, ప్రాణం కదా. కానీ ఒకటే మాట మా, ఈ గడప లోపలికి నీసు రాకూడదు. మనం తినేదే అదీ తింటాది" అన్నారు.

అంత సులువుగా ఒప్పుకున్నందుకు మేం పొంగిపోయాం. మా వాడు దానికి టైగర్ అని పేరు పెట్టాడు. పొద్దున నీళ్ళు కలిపిన పాలల్లో రొట్టె ముక్క, మధ్యాహ్నం పులుసన్నం, రాత్రి మజ్జిగన్నం. "పేరేమో పులి, పెట్టేదేమో పులుసు" అని మా వారు నవ్వేవారు. పిల్ల గుండ్రంగా తయారైంది. బొజ్జ ఉబ్బి ముద్దొచ్చేది. ఆ బొజ్జ చూసి బాగా తింటోందనుకున్నాం.

ఐదో నెల వచ్చేసరికి దాని ముందుకాళ్ళు విల్లులా వంగాయి. మొదట నడక ముద్దుగా ఉందనుకున్నాం. ఒకరోజు అరుగుకున్న రెండు మెట్లు ఎక్కలేక కింద కూర్చుని మూలిగింది. ఎత్తుకుంటే కెవ్వుమంది. మా అబ్బాయి ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు గోనెసంచీ పరిచిన అట్టపెట్టెలో పెట్టుకుని ఆదోనికి బయల్దేరాం.

అక్కడ చూసిన డాక్టరమ్మ దాని కాళ్ళు తడిమి, చిగుళ్ళు చూసి, "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగింది.

"మేం తినేదే పెడతాం డాక్టరమ్మా. మేం శాకాహారులం."

"శాకాహారం వల్ల కాదమ్మా దీని కాళ్ళు వంగింది. మీరు తినేదే పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. మీరు తినగా మిగిలింది పెట్టారు."

నాకు నోట మాట రాలేదు. మా కంచాల్లో పప్పు ఉంది, ఆకుకూర ఉంది, శెనిగ్గింజల పొడి ఉంది. దాని చిప్పలోకి వెళ్ళింది మాత్రం అడుగు అన్నం, పైన తేరిన పులుసు. పాలు పోశాం గదా అన్నాను. "పాలెన్ని? నీళ్ళెన్ని?" అంది. దానికీ జవాబు లేదు.

ఆవిడ ఓపిగ్గా చెప్పిన సంగతులు మీకూ చెప్తాను. వంద గ్రాముల బియ్యంలో సున్నం, అంటే కాల్షియం, పది మిల్లీగ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. భాస్వరం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కుక్క తిండిలో ఈ రెండూ కనీసం సమానంగా ఉండాలి, కాల్షియం ఒక పాలు ఎక్కువే ఉండాలి. తిండిలో అది చాలకపోతే ఒళ్ళు ఊరుకోదు. రక్తానికి కావలసిన కాల్షియాన్ని ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే పిల్లకి ఎముక గట్టిపడకముందే మెత్తబడుతుంది. ఒంటి బరువుకి వంగిపోతుంది. మాంసం తినే ఇళ్ళవాళ్ళు "మా కుక్కకి ఆ బెడద లేదు" అనుకోనక్కర్లేదు. ఉట్టి మాంసంలోనూ కాల్షియం తక్కువే, భాస్వరం ఎక్కువే. మాంసమూ అన్నమూ మాత్రమే పెట్టినా ఇదే జబ్బు వస్తుంది. ఉడికిన కోడి ఎముకలు వేశామంటారా, అవి పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

"రోజంతా ఎండలోనే ఆడుకుంటాడు డాక్టరమ్మా, ఎండలో విటమిన్ డి ఉంటుందంటారు గదా?" అన్నాడు మా వాడు, సైన్సు పుస్తకంలో చదివింది గుర్తొచ్చి.

"అది మన చర్మానికి నాయనా. ఎండ తగిలితే మన చర్మం విటమిన్ డి తయారుచేసుకుంటుంది. కుక్క చర్మానికి ఆ పని సరిగ్గా చేతకాదు. దానికి తిండిలోనే రావాలి."

ఆలూరు ఎండలో పెరిగే జీవానికి విటమిన్ డి కొరత ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. మందులు రాసిచ్చింది. ఎదిగే వయసు దాటేదాకా రోజూ ఉడికించిన గుడ్డు పెట్టమంది. లేదంటే కుక్కపిల్లల కోసమే అన్నీ సమపాళ్ళలో కలిపి తయారుచేసిన మేత కొనమంది. "పెద్దయ్యాక మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకుందాం. ఇప్పుడు మాత్రం వంటింట్లో ప్రయోగాలు వద్దు" అని గట్టిగానే చెప్పింది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మా అబ్బాయే చెప్పేశాడు. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం పూజ ముగించుకుని వచ్చి అరుగు మీద పిల్ల పక్కన కూర్చున్నారు. దాని వంకర కాలు నిమురుతూ, "గుడ్డు పక్కింట్లో ఉడకబెట్టించి తెమ్మను పిల్లోన్ని. దీని చిప్ప అరుగు మీదే ఉండనీ. నేమం నాది మా, బొమికలు దానివి" అన్నారు.

ఈ మాట నేను చాలా రోజులు నెమరేసుకున్నాను. మాంసం మానాలన్న నిర్ణయం మనది. దేవుడి మీద భక్తితో మానామో, జీవాల మీద దయతో మానామో, అదీ మన సంగతే. కుక్కని మనం అడిగి తీసుకున్న నిర్ణయం కాదది. దానికి మన నేమం రుద్దేటప్పుడు దాని ఒంటికి తగ్గిన ప్రతి పిసరూ లెక్కపెట్టి పూడ్చే బాధ్యత మన మీదే పడుతుంది. పూడ్చలేమంటే రుద్దే హక్కు కూడా లేదు.

గుడ్లూ మందులూ పని చేశాయి. మూడు నెలలకి టైగరు మెట్లెక్కాడు. ఎడమ కాలిలో కొంచెం వంకర మిగిలిపోయింది. అది మా తెలివితక్కువకి గుర్తుగా ఇప్పటికీ ఉంది.

ఏడాదిన్నర తర్వాత దసరాకి మా మరిది బెంగళూరు నుంచి వచ్చాడు. వస్తూనే పెరుగు వద్దన్నాడు, నెయ్యి వద్దన్నాడు. "వీగన్" అయ్యాడట. అంటే మాంసం, గుడ్డు మాత్రమే కాదు, పాలు, తేనె కూడా ముట్టరు. "పెరుగు కూడా లేకుంటే ఏం తింటావురా, గాలా?" అని మా అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. వాడు నవ్వి ఊరుకోక, టైగరు చిప్పలో గుడ్డు చూసి, "వదినా, వీడికి గుడ్డూ పాలూ లేకుండా కూడా పెంచొచ్చు. కుక్క పిల్లిలాంటిది కాదు" అన్నాడు.

ఒకసారి చెయ్యి కాలింది గదా, నేను ససేమిరా అన్నాను. వాడు వదల్లేదు. తనకి తెలిసిన పరిశోధనలన్నీ ముందు పెట్టాడు. అవి పట్టుకుని మళ్ళీ ఆదోని డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాం. అప్పటి నుంచీ విన్నదీ చదివిందీ కలిపి, నిజమెంతో గొప్పలెంతో విడదీసి చెప్తాను.

కుక్క తోడేలు జాతిదే. అయితే మనిషి పంచన చేరిన వేల ఏళ్ళలో దాని పొట్ట మారింది. 2013లో 'నేచర్' పత్రికలో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే రసం తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయట. మనిషి సేద్యం నేర్చి గింజలు వండుకోవడం మొదలుపెట్టాక ఆ ముద్దలో వాటా తిని కుక్క కూడా మారిందన్నమాట. మనకిది కొత్త సంగతేమీ కాదు. మా వైపు గొర్రెల మందల వెంట తిరిగే కుక్కలకి కురవలు పెట్టేది జొన్న రొట్టె, సంగటి, మజ్జిగే. దేవరగట్టు మాళ మల్లేశ్వరుడి దగ్గరికి వచ్చే గొరవయ్యలని మీరు చూసే ఉంటారు. మైలారలింగడి కుక్కలమని చెప్పుకునే ఆ సంప్రదాయంలో దోణిలో పోసిన పాలూ పండ్లూ వంగి నోటితో అందుకుంటారు. దేవుడి కుక్కకి పెట్టే నైవేద్యంలో కూడా నీసు లేదు!

అయితే ఇక్కడే తొందరపడకూడదు. మంద వెంట తిరిగే కుక్క రొట్టె ఒక్కటే తిని బతకదు. ఎలకని పడుతుంది, కుందేలుని తరుముతుంది, గొర్రె ఈనితే మాయ తింటుంది. తనకి తక్కువైంది తనే వెతుక్కుంటుంది. గొలుసుకి కట్టేసిన మన కుక్కకి ఆ వీల్లేదు. దాని ప్రపంచమంతా మనం పెట్టే చిప్పే.

2022లో ఇంగ్లండులోని వించెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ నైట్, ఆయన సహచరులు రెండున్నర వేలకి పైగా కుక్కల యజమానులని అడిగి ఒక పరిశోధన చేశారు. సరిగ్గా తయారైన వీగన్ తిండి తినే కుక్కలు మామూలు మేత తినేవాటి కంటే ఆరోగ్యంలో తీసిపోలేదని అందులో తేలింది. కానీ అది యజమానులు చెప్పిన సమాధానాల మీద కట్టిన లెక్క. తన కుక్క బాగా లేదని ఒప్పుకోవడానికి ఎవరికి మాత్రం మనసొస్తుంది? 2024లో బ్రిటన్ పశువైద్యుల సంఘం కూడా కుక్కలకి వీగన్ తిండి ససేమిరా వద్దన్న తన పాత మాట వదులుకుంది. అన్ని పోషకాలూ సమకూరిస్తే పెట్టొచ్చని ఒప్పుకుంది. అదే సమయంలో ఇంకో హెచ్చరిక కూడా ఉంది. ధాన్యం లేకుండా బఠానీలు, పప్పులు మరీ ఎక్కువగా వేసి చేసిన మేత తిన్న కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బు కనిపిస్తోందని 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదీ అని గట్టిగా తేల్లేదు. కాబట్టి "పప్పు బలం గదా, పప్పే పెడదాం" అనుకోవడం కూడా తప్పే. ధాన్యం ఉండాలి, పప్పు ఉండాలి, ఒకదానికొకటి తోడుండాలి.

ఎందుకంటే ధాన్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మన పప్పన్నం వెనక ఉన్న తెలివి అదే. పైగా ఆ మెథియోనిన్, సిస్టీన్ల నుంచే కుక్క ఒళ్ళు గుండెకి కావలసిన టారిన్ తయారుచేసుకుంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. మేతలకి ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంఘం చెప్పేదాన్నిబట్టి, పెద్ద కుక్క తిండిలో తడి తీసేస్తే కనీసం 18 శాతం మాంసకృత్తులుండాలి. ఎదిగే పిల్లకీ, కడుపుతో ఉన్నదానికీ, పాలిచ్చేదానికీ 22.5 శాతం. బియ్యంలో ఉన్నది 8 శాతం లోపు. మనం పెట్టే చారన్నం సగానికి కూడా రాదన్నమాట. జొన్నలో సుమారు 10, కందిపప్పులో 22, కిరాణా కొట్లో దొరికే మీల్ మేకర్లో 50 దాకా ఉంటాయి. జొన్నలు 200 గ్రాములు, కందిపప్పు 100, మీల్ మేకర్ 50 తీసుకుంటే మొత్తం 350 గ్రాముల్లో మాంసకృత్తులు 67 గ్రాములు వస్తాయి. అంటే 19 శాతం. మీల్ మేకర్ లేకుండా జొన్న, పప్పు మాత్రమే వేస్తే 14 దగ్గరే ఆగిపోతుంది. చూశారా, ఒక్క గుప్పెడు తేడా!

మా టైగరు బరువు 14 కిలోలు. రోజుకి ఇలాంటి వండని సరుకు 200 గ్రాములు, రెండు పూటలుగా. జొన్నరవ్వ, పప్పు నానబెట్టి కుక్కర్లో మెత్తగా ఉడికిస్తాను. మీల్ మేకర్ వేణ్ణీళ్ళలో నానేసి, పిండి, చిన్న ముక్కలు చేసి వేస్తాను. క్యారెట్టో గుమ్మడికాయో కొంచెం. కుక్క దాని నుంచి విటమిన్ ఎ తయారుచేసుకోగలదు. దించాక రెండు చెంచాల నూనె, కాస్త అవిసెగింజల పొడి. అయొడిన్ ఉప్పు చిటికెడంటే చిటికెడే. వారంలో రెండు రోజులు జొన్నకి బదులు రాగి. రాగిలో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అయినా అదొక్కటే చాలదు.

ఇక్కడిదాకా వంటింటి పని. దీనితో అయిపోయిందనుకుంటే మళ్ళీ కాళ్ళు వంగుతాయి. మొక్కల్లో దొరకనిదీ, చాలనిదీ కొంత ఉంది. బి-12 మొక్కల్లో ఉండదు. విటమిన్ డి నామమాత్రం. కాల్షియం, జింకు చాలవు. పప్పుల్లో, పొట్టులో ఉండే ఫైటిక్ ఆమ్లం ఉన్న జింకుని కూడా ఒంటికి పట్టనివ్వదు. వీటన్నిటికీ డాక్టరమ్మ ఒక పొడి, కాల్షియం రాసిచ్చింది. గుండె కోసం టారిన్, కార్నిటిన్ కూడా చేర్చింది. నెలకి మా ఇంట్లో కేబుల్ టీవీకి కట్టేంత ఖర్చు అవుతోంది. మన ఇంట్లో ఉన్న కాల్షియం మాత్రలు విరిచి వేస్తే పోదా అని మీకు తోచొచ్చు. నాకూ తోచింది. వద్దు. విటమిన్ డి తక్కువైతే ఎముకలు పోతాయి, ఎక్కువైతే మూత్రపిండాలు పోతాయి. మోతాదు కుక్క బరువు చూసి పశువైద్యులే చెప్పాలి. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించి, గుండె చూపించాలి. కొత్త తిండి ఒక్కరోజులో మార్చకూడదు. పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ పది రోజుల్లో మార్చాలి. వండే తీరిక లేనివాళ్ళకి శాకాహార మేత సంచులు బజార్లో వస్తున్నాయి. కొనేముందు సంచి మీద అది "సంపూర్ణ సమతుల ఆహారం" అని రాసి ఉందో లేదో, ఏ వయసు కుక్కకో చదవండి. ఆకుపచ్చ చుక్క చూసి మురిసిపోతే చాలదు.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలని విరగ్గొడతాయి. నేను ఐదు నెలలు పోసిన పులుసులో ఏముందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ద్రాక్ష, కిస్ మిస్, చాక్లెట్, చక్కెర లేని తీపి బిళ్ళల్లో వేసే జైలిటాల్, ఇవన్నీ దానికి విషాలే. పిల్లకీ, చూలుకుక్కకీ వీగన్ తిండి సొంతంగా మొదలుపెట్టకండి. పిల్లి సంగతి అసలే వేరు. దానికి టారిన్ తయారుచేసుకునే శక్తి చాలదు. క్యారెట్ నుంచి విటమిన్ ఎ చేసుకోలేదు. టారిన్ అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. మీది నిష్ఠగల ఇల్లయితే దయచేసి పిల్లిని పెంచకండి. అది తప్పేం కాదు, నిజాయితీ.

మా టైగరు గుడ్డూ పాలూ లేకుండా రెండున్నరేళ్ళుగా ఉన్నాడు. బొచ్చు మెరుస్తోంది, రక్తం బాగుంది. రేపు పరీక్షలో ఏదైనా తేడా వస్తే మళ్ళీ గుడ్డు పెడతాం. ఆ మాట మా మరిదికి కూడా చెప్పేశాను. వాడు కొంచెం నొచ్చుకున్నా కాదనలేదు. ఒక్క కుక్క బాగుందని అందరి కుక్కలకీ ఇదే మంచిదని నేను చెప్పను.

ఇంతకీ ఈ లెక్కల్లో పడి నాకు తెలిసొచ్చిన ఇంకో సంగతి చెప్పాలి. రెండో ఏడు టైగరుకి రక్తపరీక్ష చేయించి, కాగితం చేత్తో పట్టుకుని బస్సులో వస్తున్నాను. హిమోగ్లోబిన్ బాగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అనిపించింది, నా రక్తం ఎవరైనా చూసి ఎన్నాళ్ళయింది? కాన్పప్పుడు చూశారు. మర్నాడే వెళ్ళి చేయించుకున్నాను. 8.6 గ్రాములు. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళ పీకుడు, ఇవన్నీ పనెక్కువై అనుకునేదాన్ని. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి దాదాపు అరవై మంది! వాళ్ళలో నేనొకదాన్నని నాకు చెప్పింది మా కుక్క.

శాకాహారం వల్ల నాకు రక్తం తగ్గిందని కాదు. మా వారికీ, మా అబ్బాయికీ అదే వంట, వాళ్ళకేం కాలేదు. మొదటి గరిటె తిన్నవాళ్ళకీ, చివరి గరిటె తిన్నవాళ్ళకీ మధ్య తేడా అది. పప్పు అడుగంటాక పులుసు పోసుకుని తినే అలవాటు, వేరే కూర ఎవరు చేస్తారన్న బద్ధకం, చేసినా "నా ఒక్కదానికోసమా" అన్న మొహమాటం. డాక్టరమ్మ ఆ రోజు కుక్క గురించి అన్న మాట నాకూ సరిపోయింది. మేం తినేది కాదు, మిగిలింది.

వీధికుక్కల సంగతి కూడా ఒక మాట. పంటలు లేని నెలల్లో మా పడమటి పల్లెల నుంచి జనం సుగ్గికి పోతారు. గుంటూరు మిరప చేలకో, ఇంకో చోటికో ఇల్లూ పిల్లలూ కట్టుకుని లారీలెక్కుతారు. తాళం వేసిన గుమ్మాల ముందు కుక్కలు మాత్రం మిగులుతాయి. ఆ రోజుల్లో ఎవరో ఒకరు పారేసిన అన్నమే వాటికి గతి. మన గిన్నెల అడుగుది వాటికి వెయ్యడం మంచి పనే, మానకండి. కానీ అందులో ఉల్లిపాయ ఏరేసి, ఒక గరిటెడు ఉడికిన పప్పు కలిపితే ఇంకా మంచిది. పెట్టే చోటు కూడా చూడాలి. పిల్లలాడే చోటికీ, ఇళ్ళ గుమ్మాలకీ దూరంగా పెట్టాలని 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్తున్నాయి. కేటాయించిన చోటే పెట్టాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అంది. ముద్ద పెట్టిన చేత్తోనే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించే ప్రయత్నం కూడా చేస్తే వీధిలో పిల్లలకీ మేలు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున పొయ్యి మీద మొదట ఎక్కేది టైగరు కుక్కరే. జొన్నరవ్వ, పప్పు కొలిచి పోసేది మా అత్తగారు. చిన్న తక్కెడ కూడా కొనిపించారు. దాని ముద్ద చల్లారాక తనే తీసుకెళ్ళి అరుగు మీద పెట్టి, అది తినేదాకా పక్కన కూర్చుంటారు. మొన్నొకరోజు అందరికీ వడ్డించి, నేను ఎప్పటిలా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ తలెత్తి చూసి, "కుక్కకి తక్కెడేసి పెడతావు, నీకు లెక్కలేదా మా? కంచం తెచ్చుకుని కూర్చో, చల్లారిపోతాది" అన్నారు.

కూర్చున్నాను. మీరూ ఈ పూట ఒకసారి చూడండి. మీ పెరట్లో చిప్పలో ఏముందో, మీ కంచంలో ఏముందో.